ఒంటి జోడు

బెంగెలా నుంచి క్విటోకి లారీ తోలతాను.
పాత బూట్ల మూటలు, ఉప్పుచేప, అప్పుడప్పుడు సిమెంటు.
మూట విప్పినచోటల్లా కొన్ని ఒంటివి రాలిపడేవి,
ఏ ఓడలోనో తోడు తప్పిపోయినవి.
కతుంబెలా వంతెన మీంచి ఏట్లోకి విసిరేవాణ్ణి.
ఒంటి బూటు కాసేపు తేలుతుంది
ఎవరో ఎక్కాల్సి ఉన్నట్టు.
తర్వాత నీళ్ళు తాగుతుంది.

క్విటో సంతలో ఒకామె అడిగింది:
"ఒంటివి ఉన్నాయా?"
వెక్కిరిస్తోందనుకున్నాను.
తక్కెడ తెచ్చింది.

పేరు ఎంగెవె.
కవలల్లో రెండో ఆడపిల్లకి మావాళ్ళు పెట్టే పేరు.
మొదట పుట్టిన జంబ ఎక్కడని నేనడగలేదు.
క్విటోలో అలాంటివి అడగరు.
గనుల్లో కాదు, పొలాల్లో మందు పేలిన ఊరది.
ఇంకా కొన్ని గట్ల మీద
ఎర్రరంగు పూసిన రాళ్ళున్నాయి,
మేకలకి మాత్రం అవి చదవడం రాదు.

కొట్టంటే నాలుగు కర్రలు, ఒక రేకు.
కుడివి కుడివైపు, ఎడమవి ఎడమవైపు,
మధ్యలో తను, ఒళ్ళో నోటుపుస్తకం.
కిలో లెక్కన కొంటుంది,
కాలి లెక్కన అమ్ముతుంది.
అంతే ఆమె చదువుకున్న వ్యాపారం.

సెవెరీనోకి కుడి, నలభై రెండు.
"జత కొన్నాళ్ళు" అన్నాడు నాతో,
"డబ్బంతా నాది, వాడకం సగం.
రెండో బూటు మంచం కింద కొత్తగా మెరుస్తుంటే
నిద్ర పట్టేది కాదు."

మూడో ట్రిప్పుకి నేను ధర పెంచాను.
ఏట్లో పారేసే సరుక్కి ధరేమిట్రా అనలేదామె.
అడిగిన దాంట్లో సగం పెంచింది.
"నీకూ నాలుగు మిగలాలి,
లేకపోతే మళ్ళీ వంతెన గుర్తొస్తుంది."
నాకు సిగ్గేసింది. డబ్బు మాత్రం లెక్కపెట్టుకున్నాను.

ఒకసారి పాస్టరుగారొచ్చారు.
"కాలు పోయినవాళ్ళ దగ్గరా, అమ్మా, లాభం?"
ఆమె తోలు మీద ఉమ్మి రాసి తుడుస్తూ,
"మీరు ఊరికే పంచిన బూట్లు ఎప్పటివయ్యా?"
"ఆరేళ్ళ కిందటి క్రిస్మస్సువి."
"అవి అరిగిపోయి నాలుగేళ్ళు.
నేను మంగళవారాలు కూడా తెరుస్తాను."
ఆయన కాసేపు నిలబడి
ఒక జత లేసులు కొనుక్కున్నారు.
బేరమాడారు కూడా.

కొత్త జతలూ తెస్తుంది ఇప్పుడు,
ఇద్దరి పేర్లు పుస్తకంలో కలిస్తే.
సెవెరీనోకి కుడి, ఆబీలియుకి ఎడమ.
ఒకడిది అప్పట్లో ఈ సైన్యం, ఒకడిది ఆ సైన్యం.
నలుపని ఒకడు, గోధుమరంగని ఒకడు
పొద్దుటినుంచి సంత ఎత్తేదాకా పోట్లాట.
నేను మూటలు దించడం అయింది,
టైరుకి గాలి పట్టడం అయింది,
వాళ్ళది కాలేదు.
చివరికి నలుపు. ఆబీలియు ఇంకా గొణుగుతున్నాడు.
బల్ల మీద పక్కపక్కన కూచుని లేసులు కట్టుకుంటుంటే
కిందికి చూశాను:
అక్కడ ఒక జోడు ఉంది.

ఆమె మాత్రం ఆ పూట
రెండు సగాల మీద వచ్చిన మిగులు
పుస్తకంలో రాసుకుంది:
రేకుకి ఇంత, పాప బడికి ఇంత,
వచ్చే మూటకి ఇంత.

ఎడమవే ఎక్కువ మిగిలిపోతాయి.
ఎందుకని అడిగాను.
"పొలంలోకి దిగేటప్పుడు మావాళ్ళు
ఎడమకాలే ముందు పెట్టేవాళ్ళేమో" అంది,
సైజులు వేరుచేస్తూ, తలెత్తకుండా.

సాయంత్రం కొట్టు కట్టేశాక
నా లారీ దాకా నడిచొచ్చింది.
నడకలో ఏదో తేడా.
ఆమెకి కాళ్ళు రెండూ ఉన్నాయి.
వేసుకున్నవి రెండూ ఎడమవి.

"కరవడం లేదా?"

"కరుస్తోంది" అంది.
"సరుకు ఊరికే కూర్చుంటే అంతకంటే కరుస్తుంది.
వచ్చే వారం కుడివి చూసి తీసుకురా."