ఐదు ఆంపియర్ల ఇల్లు

తౌఫీక్ రెండు కార్డులూ బల్ల మీద పెట్టి
"ఒకటి ఉంచుకో, హియామ్. రెండోది తిరిగి తెచ్చెయ్.
గీతలు పడకూడదు" అన్నాడు.
అల్-మీనాలో అతని కొట్టు తలుపు సగం మూసే ఉంటుంది,
ఉప్పుగాలికి ఇనుము దగ్గుతుందని.

పెద్దది ఇటుకంత బరువు. మూడు ఫ్యాన్లు.
చిన్నది నా అరచేతికి కాస్త పొడుగు, అంతే.

మా ఇంటికి వచ్చేది ఐదు ఆంపియర్లు.
వీధి చివర అబూ షఫీక్ జనరేటర్ నుంచి
బాల్కనీల మీదుగా వేలాడుతూ వచ్చే తీగలో
పదకొండు వందల వాట్లు, రోజుకి పద్దెనిమిది గంటలు.
అందులోనే ఫ్రిజ్, నూట యాభై.
అందులోనే మా తమ్ముడు వదీ బట్టల మెషిన్, ఐదు వందలు.
అందులోనే నా బతుకుతెరువు:
ఎవరో కట్టబోయే రేవుకి నలభై సెకన్ల బొమ్మ,
తొమ్మిది వందల అరవై ఫ్రేములు.
ఎల్లుండి మొదలవ్వాలి, నాలుగు రోజుల్లో ముగియాలి.

మొదటి రాత్రి పెద్దదాన్ని బిగించాను.
నాలుగు నిమిషాలకో ఫ్రేము!
గోడ దగ్గరి మీటరు ఐదు వందల ఇరవై చూపించింది.
తిండికి తిమ్మరాజే, కాని పనికి పోతరాజు కాదు.
నీళ్ల మీద వెలుగు చేప పొలుసుల్లా తేలుతుంటే
కుర్చీలో ముందుకు జరిగి చూస్తున్నాను.
లోపల వదీ బట్టలు వేశాడు.

టక్.

చీకట్లో ఇద్దరం ఒకేసారి తిట్టాం.
ఎవర్నన్నది ఇప్పటికీ తేలలేదు.

రెండో రాత్రి చిన్నది.
మూడు వందల ముప్పై. అసలు తిరుగుతోందా అని చెవి ఆనించాను.
బట్టలు తిరిగాయి, ఫ్రిజ్ మూలిగింది,
ఎవరూ ఎవర్నీ తోసుకోలేదు.
ఫ్రేముకి ఆరున్నర నిమిషాలు.
కాగితం మీద గుణించాను: నూట నాలుగు గంటలు.
నా దగ్గరున్నవి డెబ్బై రెండు.
మర్యాదస్తుడే. పెళ్లయ్యాక వచ్చే చుట్టం.

ఆ కాగితం వెనక ఇంకో లెక్క వేశాను:
ఒక్క ఫ్రేముకి ఎంత కరెంటు?
పెద్దది తిన్నదీ చిన్నది తిన్నదీ
ఇంచుమించు ఒకటే. చిన్నదే కాస్త ఎక్కువ!
ఇద్దరూ తాగేది అదే చెంబు;
ఒకడు గటగటా ఎత్తేస్తాడు, ఒకడు చప్పరిస్తాడు.
కాని బ్రేకర్‌కి చెంబు లెక్క తెలియదు.
ఈ క్షణాన గొంతు ఎంత తెరిచారన్నదే దానికి కావాలి.
నెల మొత్తం మీద మనమెంత పొదుపరులమో
అది ఏనాడూ అడగలేదు.

మూడో రోజు పొద్దున పెద్దదాన్ని మళ్లీ ఎక్కించి
దాని కంచంలో వడ్డన తగ్గించాను.
నూటికి డెబ్బై. మారు అడగొద్దని.
అలుగుతుందనుకున్నాను.
నాలుగు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు.
వంద వాట్లు వదులుకుని
పోగొట్టుకున్నది ఇరవై నాలుగు సెకన్లు!
మరి ఆ వందా నిన్నటిదాకా ఏం చేస్తున్నట్టు?
వేడి. వట్టి వేడి. చెయ్యి పెడితే చురుక్కుమనే గర్వం.
నేనూ కొన్నేళ్లు అలాగే పనిచేశాను. ఆ సంగతి ఇక్కడొద్దు.

డెబ్బై గంటల చిల్లర. సరిపోతుంది.
చిన్నదాన్ని తుడిచి పెట్టెలో పెడుతుంటే
ఎందుకో సిగ్గేసింది. అది తప్పేమీ చేయలేదు.

శుక్రవారం రాత్రి, ఆరు వందల పదకొండో ఫ్రేము.
లోపల్నుంచి వదీ: "వేసేదా?"
అన్నీ కలిపితే వెయ్యిన్ని డెబ్బై.
మిగిలిన సందు ముప్పై వాట్లు.
నా నెత్తి మీది పాత బల్బు నలభై.
"ఆగు" అని లేచి లైటు ఆర్పాను. "ఇప్పుడు వెయ్."

మెషిన్ తిరిగింది. బ్రేకర్ నోరు మెదపలేదు.
కిటికీ అవతల వీధి లేదు, సముద్రమూ లేదు.
తెర మీద మాత్రం, ఇంకా కట్టని రేవు గట్టున
రెండు వందల పద్నాలుగు దీపాలు
గరుకు మచ్చల్లోంచి మెల్లగా తేటపడుతున్నాయి.
వాటి బిల్లు కోసం
అబూ షఫీక్ ఎవరి తలుపూ తట్టడు.