కాలర్ మీద పేరు

గ్రిమ్స్‌బీ రేవులో మా సంస్థకున్నది ఒక్కటే ఓడ,
రెండు కొయ్యల ముసలిది, పేరు పేషెన్స్ హోబ్.
రంగు వేయించడానికి కేకులమ్మాం,
మోకులు మార్చడానికి పాత బట్టలమ్మాం,
ఇంజనుని మాత్రం ఇంకా బతిమాలుకుంటూనే ఉన్నాం.
ఏప్రిల్ రాగానే పిల్లలొస్తారు,
సముద్రానికి అరమైలు దూరంలో పుట్టి
బస్సు కిటికీలోంచి తప్ప దాన్ని చూడని పిల్లలు.

దరఖాస్తులో అన్నీ అడుగుతాం.
ఈత వచ్చా, మందులు వాడతావా, ఏది తింటే పడదు,
అన్నిటికంటే చివర్లో, దేనికి భయం?
చీకటి అని రాస్తారు, సాలీళ్ళు అని రాస్తారు,
ఒకడు 'మా అన్న' అని రాసి కొట్టేశాడు.
కెజయ్యా బ్లాంచర్డ్, పదిహేనేళ్ళు,
'పేరు పెట్టి పిలిస్తే' అని రాసింది
చీమ తలకాయంత అక్షరాల్లో.

సామాన్ల గదిలో ఆ పిల్లకు సరిపడే వానకోటు లేదు.
మోకాళ్ళు దాటే పసుప్పచ్చదొకటి దొరికింది,
కాలర్ లోపల ఏనాటి కుర్రాడో
సిరాతో రాసుకున్న పేరు: టోబిన్.
"ఏయ్ టోబిన్, ఆ తాడు లాగు" అన్నారెవరో.
లాగింది.
అంతే, వారమంతా తను టోబిన్.
వేరొకరి కోటులో, వేరొకరి పేరులో
కాళ్ళు చాపుకునేంత చోటు దొరికినట్టు
బోలైన్ ముడి నేర్చుకుంది, బంగాళదుంపలు చెక్కింది,
హంబర్ దాటి అసలు అలలు తగిలాక
మాతోపాటు తనూ ఒక బకెట్ పట్టుకుంది.
(నాకూ వాంతులే. ఇరవై రెండేళ్ళుగా వస్తున్నాను,
సముద్రం నన్నింకా గడప దాటనివ్వలేదు.)

నాలుగో రాత్రి, నడిజాము కాపలా మాది.
చుక్కాని తన చేతిలో,
దిక్సూచి ఎర్ర దీపం తన గడ్డం కింద.
"సూదినే చూస్తుంటే కళ్ళు తిరుగుతాయి,
తెరచాప అంచున ఒక చుక్కను పట్టుకో" అన్నాను.
"అది జరిగిపోతే?"
"ఇంకోటి పట్టుకో. ఎన్ని లేవు."
చాలాసేపటికి "దాని పేరేంటి" అంది.
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
పేరు తెలీకుండానే గంటన్నర దాని వెంట వెళ్ళాం.
మూడున్నరకి మబ్బు దాన్ని తినేసింది.

నాలుగింటికి కాపలా మారాలి.
మా ఓడలో ఒక కట్టుబాటుంది:
నిద్రపోయేవాళ్ళను తట్టి లేపకూడదు,
ఉలిక్కిపడి తల దూలానికి కొట్టుకుంటారు.
పేరు పెట్టి పిలవాలి.
ఎవరని అడిగితే చెప్పాలి.
ఆ రాత్రి లేపే వంతు తనది.
నేను మర్చిపోయానంటే నమ్మకండి.

మెట్ల మీద నిలబడి విన్నాను.
కింద తడి ఉన్ని వాసన, ఎవరిదో గురక,
చెక్కకు నీళ్ళు ఒరుసుకునే చప్పుడు.
ఒక నిమిషం. రెండు.
నేనే లేపేద్దామని ఒక కాలు దింపాను కూడా.

"రోవన్," అంది.
పిల్లి తుమ్మినంత గొంతు.
మళ్ళీ, "రోవన్."
తర్వాత "దనూటె."
తర్వాత "ఎల్విన్," ఈసారి పైదాకా వినబడింది.
దుప్పట్లోంచి ఎల్విన్ గొణిగాడు: "ఎవరూ, టోబినా?"

ఓడ ఒక అల ఎక్కి దిగింది.
"కెజయ్యా," అంది.
"వాన పడుతోంది. టోపీ పెట్టుకో."

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
మర్నాడు విట్‌బీలో చేపలు తింటూ
ఎల్విన్ మళ్ళీ టోబిన్ అనే పిలిచాడు,
తను పలికింది కూడా.
శనివారం తీసుకెళ్ళడానికి మేనమామ వచ్చాడు, కారు దిగలేదు.
సంచీ భుజానేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళింది.
ఎవరూ చూడరు. అలవాటైపోయింది.

సోమవారం కోట్లు ఉతుకుతూ
టోబిన్ కింద ఇంకేమైనా రాసి ఉందేమోనని
కాలర్ తిప్పి చూశాను.
ఏమీ లేదు.
జేబులో మాత్రం జానెడు తాడుముక్క,
చివర బోలైన్ ముడి,
లాగి చూశాను, జారలేదు.
తాడు సంస్థది. తిరిగి పెట్టెలో వెయ్యాలి.
ఇంకా వెయ్యలేదు.