రెండు గీతలు

ఖువ్‌స్‌గుల్ సరస్సుకి వచ్చి ఇది నాలుగో రోజు.
నీళ్ళు చూశావా అంటే చూశాను,
బకెట్టు ముంచుతూ, ఓసారి.

ఉలాన్‌బాతర్ నించి రెండు రోజుల దారి.
మోరోన్ దాటాక టైరు పేలింది.
సొద్నోమ్ జాకీ తిప్పుతుంటే
నేను రోడ్డు పక్కన నిలబడి
నలభై రెండు బొగ్గు వ్యాగన్ల గురించి ఫోన్లో అరుస్తున్నాను.
ఖులాన్ వచ్చి నా జేబులోంచి నట్లు తీసుకుంది.
"నాన్న అడిగాడు. నిన్ను కాదు, వీటిని."

నా ఉద్యోగం గూడ్సు బళ్ళకి వేళలు కట్టడం.
దక్షిణాన సరిహద్దు దగ్గర పట్టాల వెడల్పు మారిపోతుంది.
అక్కడ ప్రయాణికుల పెట్టెల్ని ఒక్కొక్కటే గాల్లోకెత్తి
కింద చక్రాలు లాగేసి వేరే చక్రాలు తొడుగుతారు.
లోపల నిద్రపోయేవాళ్ళు నిద్రపోతూనే ఉంటారు.
గంటల తరబడి పని. ఎవరూ పెద్దగా విసుక్కోరు,
దేశం మారుతోంది కదా అని.
నేను మాత్రం శుక్రవారం సాయంత్రం ఆరింటికి కుర్చీ దిగి
శనివారం పొద్దున్నకల్లా అమ్మనైపోవాలి,
అవే చక్రాలతో.

విడిది దగ్గర సిగ్నల్ లేదు.
మొదటిరోజు అందరికీ పండగ, నాకు తప్ప.
గుడారాల యజమానురాలు దుల్మా అవ్వ
గడ్డం ఎత్తి చూపించింది: అదుగో, ఆ కొండ మీద.

కొండ మీద ఓవూ.
దారిన పోయేవాళ్ళు వేసిన రాళ్ళ కుప్ప, నడుమ ఒక కర్ర,
కర్రకి నీలం పట్టు గుడ్డలు, గాలికి చిరిగి పీలికలై.
వచ్చినవాళ్ళు మూడుసార్లు చుట్టూ తిరిగి
ఓ రాయి వేసి మొక్కుకుంటారు.
నేను ఫోను పైకెత్తి తిరిగాను.
తూర్పున ఒక గీత. దక్షిణాన ఏమీ లేదు.
పడమటివైపు, కుప్పకి ఆనుకుని, ఒంటికాలి మీద నిలబడితే
రెండు గీతలు.

పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు,
రాత్రి టార్చి పట్టుకుని.
"ఆరొందల నాలుగు బండి చోయిర్‌లో ఆపండి.
కాదు, ఇంజను మార్చొద్దు, ఆపండి, అంతే!"

ఇవాళ దుల్మా అవ్వ పాలటీ పోస్తూ సొద్నోమ్‌తో అంది:
"నీ పెళ్ళాం లాంటి భక్తురాల్ని
ఈ లోయలో చూడలేదయ్యా.
రోజుకి నాలుగు మాట్లు ఎక్కుతుంది.
చెయ్యెత్తి మరీ మొక్కుతుంది.
ఏం కష్టమొచ్చిందో పాపం. పిల్లలకి బాగాలేదా?"

ఆ గుక్క మింగడానికి సొద్నోమ్‌కి చాలాసేపు పట్టింది.
తుగుల్దూర్ పొట్ట పట్టుకుని తివాచీ మీద దొర్లాడు.
ఖులాన్ నవ్వలేదు.
పదకొండేళ్ళ పిల్ల, గిన్నెలో పెరుగు కలుపుతూ
"పిల్లలు బానే ఉన్నారవ్వా. బళ్ళకే బాగాలేదు" అంది.

నాకూ నవ్వొచ్చింది. అదే ఇబ్బంది.
నవ్వొచ్చాక పోట్లాడలేం.
చెప్పబోయింది చాలా ఉంది:
ఈ గుడారం అద్దె ఆ బళ్ళే ఇచ్చాయని,
నీ కొత్త బూట్లు కూడా బొగ్గేనని,
మా అమ్మ ఉన్ని మిల్లులో ఇరవై ఏళ్ళు
సెలవన్న మాట నోరు తెరిచి అడగలేదని.
అన్నీ నిజాలే.
ఆ పెరుగు గిన్నె ముందు ఒక్కటీ నిలబడలేదు.

సాయంత్రం ఖులాన్ నా వెంట కొండెక్కింది.
ఎందుకంటే "ఊరికే" అంది.
నేను ఒంటికాలి మీద నిలబడితే
పడిపోకుండా నడుం పట్టుకుంది.
ఫోన్లో బ్యాంబా గొంతు:
"ఆ వ్యాగన్లు నిన్ననే కదిలాయక్కా. మీకెవరూ చెప్పలేదూ?"

నిన్ననే.
నేను లేకుండానే.
సంతోషపడాలో చిన్నబుచ్చుకోవాలో తేలక
కాసేపు అలాగే, ఒంటికాలి మీదే ఉండిపోయాను.

అక్కణ్ణించి సరస్సు మొత్తం కనపడుతుంది.
నాలుగు రోజులుగా కనపడుతూనే ఉందన్నమాట.
ఒడ్డున సొద్నోమ్ కట్టెలు కొడుతున్నాడు.
తుగుల్దూర్ నీళ్ళమీదికి పెంకులు విసురుతున్నాడు,
ఒక్కటీ గెంతడం లేదు.

"రాయి వెయ్యమ్మా" అంది ఖులాన్.
"ఇన్నిసార్లు తిరిగావు, ఒక్కటీ వెయ్యలేదు నువ్వు."

వెతికాను. దగ్గర్లో రాళ్ళన్నీ ఎవరో ఎప్పుడో వేసేశారు.
కోటు జేబులో చెయ్యి పెడితే
టైరు నట్టు, మిగిలిపోయింది, ఒకటి.
ఇదిచ్చేద్దామా అన్నట్టు చూశాను.
"వద్దు. తిరుగు ప్రయాణం ఉంది" అంది నా కూతురు,
కిందకి దిగి రెండు గుండ్రాళ్ళు ఏరుకొచ్చింది.

మూడో చుట్టులో జేబులో ఫోను వణికింది.
ఎత్తలేదని చెబితే అబద్ధం.
చుట్టు పూర్తయ్యాక ఎత్తాను.