రెండో సాక్ష్యం

లెర్విక్‌లో జూన్ రాత్రి పదకొండింటికి కూడా
ఫైలు చదువుకునేంత వెలుతురుంటుంది.
దీపం వెయ్యను.
కిటికీ అవతల రేవులో పడవలు
ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుంటున్నాయి.

నన్నిక్కడ ఫిస్కల్ అంటారు.
పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ.
పోలీసు కాగితం తెస్తాడు.
నేరమా, తప్పా, ఉత్త తాగుబోతుతనమా
తేల్చాల్సింది నేను.
డీజిల్ కాజేసిన కుర్రాడికి ఒక హెచ్చరిక ఉత్తరం.
బార్లో సీసా పగలగొట్టినవాడికి
కోర్టు గడప తొక్కకుండానే జరిమానా.
కొన్ని షెరిఫ్ ముందుకు, నా నోటితోనే.
హత్యలు మాత్రం పెట్టెల్లో సర్ది అబర్డీన్ పంపుతాను.
అక్కడ విగ్గు పెట్టుకున్న అడ్వొకేట్ డెప్యూట్
నేను ఏరిన ముక్కల్ని తన గొంతులో పలుకుతాడు.

సముద్రం చేసిన చావులూ నా బల్ల మీదికే వస్తాయి.
సముద్రాన్ని బోనెక్కించలేను.
వలతాడు ఎవరు బిగించారు,
లైఫ్ జాకెట్ కొక్కేనికే ఎందుకు వేలాడుతోంది,
అంతవరకే అడుగుతాను.

నిన్న ఓస్లా ఐజ్‌బిస్టర్ వచ్చింది,
అన్‌స్ట్ దీవి నించి రెండు ఫెర్రీలు మారి.
తడి కోటు విప్పకుండానే కూచుంది.
పోయిన మొగుడి పడవా, పడవ కొట్టమూ
ఒకే మంటలో పోయాయి.
తగలబెట్టింది గిల్బర్ట్ మౌట్, మొగుడి పినతండ్రి కొడుకు.
"నా రెండు కళ్ళతో చూశాను" అంది.

రెండు కళ్ళూ ఒక్క సాక్షే, మా చట్టంలో.

ఇంకెవరైనా చూశారా అని అడిగాను.
"గొర్రెలు" అంది.
ఇద్దరం నవ్వలేదు.
"నువ్వు నా వకీలువి కదా?"
కాదమ్మా. నీకు వకీలుని కాను, వాడికి పగదాన్నీ కాను.
ఇరవై ఏళ్ళుగా అంటున్న మాటే,
అన్నప్పుడల్లా గొంతులో చేపముల్లు.
ఆమెను నమ్మాను.
నేను నమ్మడం సాక్ష్యం కాదు.

గిల్బర్ట్‌ది రేవు పక్కనే చేపల కొట్టు.
ఊళ్ళో ఇంకో కొట్టు లేదు.
ఇవాళ పొద్దున నాకు మూడు హాడాక్‌లు తూచి
నాలుగోది ఊరికే వేశాడు.
తీసి మళ్ళీ తక్కెట్లో పెట్టాను.
నా చేతివంకే చూశాడు.
"ఆ రాత్రి నేను లెర్విక్ దాటలేదు ఫిస్కల్"
అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

బల్ల మీద ఓస్లా ఫైలు.
'చర్య లేదు' అని రాసి ఒక సంతకం పెడితే
దారం చుట్టి బీరువాలో పెట్టొచ్చు.
పెన్ను మూత తీశాను.
దీవి దాటాలంటే ఫెర్రీ ఎక్కాలి.
ఫెర్రీ వాళ్ళు కారు నంబరు రాసుకుంటారు,
వానకి తడవని రోజుల్లో.
ఆ రాత్రి వాన పడిందో లేదో నాకు గుర్తు లేదు.

పోలీసుకి చీటీ రాశాను: ఆ పుస్తకం పట్టుకురా.
ఇంకా చీకటి పడలేదు.
పడదు కూడా.