పదకొండో వాయిదా

కోర్టు కాగితాల్లో ఆ పిల్ల పేరు రాయకూడదంట.
బాధితురాలు అని రాస్తారంట.
సరే, నేనూ ఇక్కడ రాయను.
కానీ మా మిరపకాయల కొట్టులో మస్టరు పుస్తకం ఉందే,
ఎర్రదుమ్ము తాగి అట్ట ఉబ్బిన పుస్తకం,
అందులో ఆ పేరుకి ఎదురుగా
ఒక్క గడి కూడా ఖాళీ పోలేదు.

వాయిదా ఉన్న రోజున
తలా రెండు కిలోల కాయలకి తొడిమలు ఎక్కువ తీసి
ఆ పిల్ల గోతాంలో పోస్తాం.
మేస్త్రీకి తెలుసు.
కాటా వైపు చూస్తాడు గానీ మా వైపు చూడడు.
మంచోడని కాదు,
సామ్రాజ్యం ఒకపూట పక్కకి పిలిచి మాట్లాడింది.
ఏం మాట్లాడిందో మాకూ చెప్పలేదు.

మొదట్లో మాకేం తెలుసు?
స్టేషన్లో రేపు రమ్మంటే రేపే పోయాం,
ఎల్లుండి రమ్మంటే ఎల్లుండి.
ఎఫ్ఐఆర్ కాపీ ఊరికే ఇస్తారని,
పీపీ అంటే మన తరఫు లాయరేనని,
ఆయనకి మన కొంగుముడి విప్పక్కర్లేదని,
ఒక్కో సంగతీ ఒక్కో బస్తా ఎత్తినట్టు
నడుం పట్టుకుని నేర్చుకున్నాం.
ఎస్తేరురాణి కూతురు తన లెక్కల నోటుబుక్కు వెనక
తేదీలన్నీ రాసి పెట్టింది.
ముందు నించి చూస్తే లెక్కలు,
వెనక నించి చూస్తే మా లెక్క.

మధ్యలో వాళ్ళ తరఫున ఒకాయన వచ్చాడు.
ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.
లాలాపేటలో మస్తాన్‌బీ గుమ్మం ముందు కూర్చుని
"ఆడపిల్ల బతుకమ్మా, ఎందుకీ అల్లరి,
ఎంతో కొంత అనుకుందాం" అన్నాడు.
మస్తాన్‌బీ మర్యాద తెలిసిన మనిషి.
టీ పెట్టింది.
పొద్దున్నించీ తొడిమలు తీసిన వేళ్ళతోనే
గ్లాసు అంచు శుభ్రంగా తుడిచి ఇచ్చింది.
ఆయన మళ్ళీ రాలేదు.

నిన్న పదకొండోది.
షేర్ ఆటోలో ఆరుగురం,
మూడు వంతెనల కింద వాననీళ్ళు దాటి
నగరంపాలెం చేరేసరికి చీర అంచులు తడిసినయ్.
ఆ పిల్ల మాట్లాడలేదు.
చేతిలో ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పుతా ఉంది.

పిలిచారు.
తోడు ఒక్కరే రావాలన్నారు, సామ్రాజ్యం పోయింది.
తలుపులు వేసేశారు.
మేం వరండాలో, గోడకి ఆనుకుని.
ఎంత ఉతికినా మా చీరల్లో ఘాటు పోదు,
పక్క బెంచీ మీద గుమాస్తాలు తుమ్ముకుంటా లేచిపోయారు.
మాకు కూర్చోను చోటు దొరికింది.

నాకేమో దగ్గు.
పందొమ్మిదేళ్ళ మిరప దగ్గు,
మొదలైతే ఆగదు, చివర్న ఈల వేసిద్ది.
కొంగు కుక్కుకున్నా లాభం లేదు.
బంట్రోతు తలుపు సందులోంచి చూసి కసిరాడు.
ఆగితేగా.

సాయంత్రం బయటికొచ్చాక
ఆ పిల్ల ఏడవలేదు.
ఆకలేస్తంది అంది.
గేటు పక్క బండి దగ్గర పునుగులు తిన్నది,
ఒక ప్లేటు, ఇంకో ప్లేటు.
చట్నీ నాకుతా, నన్ను చూడకుండా చెప్పింది:

"అడిగిందే అడుగుతున్నాడు పిన్నీ.
వెలుతురెంత ఉంది, అరిచావా, ఎందుకు అరవలా.
నా నోరు ఎండిపోయింది.
ఏం జరగలేదని చెప్పేసి ఇంటికి పోదామనిపించింది.
అప్పుడు గోడ అవతల నీ దగ్గు వినపడింది.
ఈలతో సహా.
మంచినీళ్ళు అడిగి తాగి
జరిగింది జరిగినట్టు చెప్పా."

ఇంకా అయిపోలేదు.
డాక్టరు సాక్ష్యం ఉందంట, ఆ తర్వాత వాదనలంట,
జడ్జీగారు బదిలీ అయితే ఇంకెంతో.
వచ్చే నెల ఇరవైమూడు అని
నోటుబుక్కు వెనక రాసుకున్నాం.

పెద్దాసుపత్రిలో ఇచ్చిన దగ్గుమందు సీసా
గూట్లో ఉంది.
ఇరవైమూడు దాటిందాకా
దాని మూత తియ్యను.