ముక్కు కొసన చుక్క

బిల్లులో బియర్డెడ్ డ్రాగన్ అని ఉంది.
మా వీధికి మాత్రం తొండే.
మూడు దినాలాయ, పురుగు ముట్టలే.
పలచగా, పచ్చగా పారుకుంటాంది.
కండ్లు గుంతలు పడినాయి.
నడుముకాడ తోలు పట్టి వదిలితే
మడత మడతలాగే నిలబడింది.

తాడిపత్రి పశువుల డాక్టరు ఫోన్లో నవ్వినాడు:
"ఎనుముకైతే సెలైన్ ఎక్కిస్తా. తొండకా?"
నవ్వు ఆపి, మళ్ళా ఆయనే:
"నోట్లో పొయ్యాకు, పొర పోతాది.
ముక్కు కొసన చుక్క పెట్టు. అదే నాకుతాది."

ట్యాంకరు రాక ఐదో రోజు.
బిందె అడుగునీళ్ళు గోరువెచ్చ చేసి
పొట్ట మునిగేంత పోసినా, సబ్బుడబ్బాలో.
"మనుషులకే లేవు" అనింది కుళ్ళాయమ్మక్క,
అంటానే తన చెంబులోది సగం ఒంచింది.

చుక్క. నాకలే.
చుక్క. గడ్డం మీద కారిపాయ.

ఈ చేత్తోనే చిన్నప్పుడు
జొన్నదంటు కొసకు ఉచ్చేసి
శనగచేను గట్లెంబడి ఎన్ని తొండల్ని లాగినానో.
అగ్గిపెట్టె పటాలు పందెం.
అవీ ఇట్లనే నోరు తెరిచినాయి.
నీళ్ళకని అనుకోలే.

మూడున్నరకు, కరెంటు పోయినంక,
సెల్లు వెలుతుర్లో
గులాబి నాలుక ఒక్కసారి బయటికొచ్చింది.
చుక్క లేదు.

ఇంకోటి పెట్టినా,
చెయ్యి వణుకుతాంటే.