ఐసు ఫ్యాక్టరీ జాగా

చెంగల్రావుపేట వెనక సందులో
ఎకరం పన్నెండు సెంట్లు.
టేపుకి ఈ కొసన నేను, ఆ కొసన అప్పలసూరి.
మధ్యలో జిల్లేళ్ళు, ఉప్పుగాలి కొరికేసిన ఇనపదూలాలు,
కప్పు లేని గోడ మీద నీలం అక్షరాలు:
ముందు డబ్బు, తర్వాత దిమ్మ.

యజమాని పోయాడు, జీతం ఆగింది.
తాళం మాత్రం ప్రతి ఆదివారం
కొబ్బరినూనె తాగుతూనే ఉంది.
"ఎవులో ఒకలొస్తారు గదా బావూ,
తెరుసుకోపోతే నాకు గదా నామోషీ"

కొత్త ప్లాను నా సంచిలో ఉంది.
కింద దుకాణాలు, నడిమి అంతస్తులో ఆఫీసులు,
ఆపైన నలభై కాపురాలు,
మేడ మీద సముద్రాన్ని చూస్తూ కాఫీ.
పాత జాగాకి గుర్తుల పట్టికలో ఒకటే మాట: ఖాళీ.

ఆ ఖాళీలో
తెడ్డు పోలమ్మ నెత్తళ్ళు ఆరబోసింది.
తుప్పు కంప్రెసరు కడుపులో పిల్లి ఈనింది, నాలుగు.
ఐసుగుంట గోడకి బొగ్గుతో మూడు వికెట్లు.
వీటికి ఏ రంగు వాడాలో నాకెవరూ నేర్పలేదు.
పెన్సిలుతో పిల్లిని గుర్తుపెట్టి
చెరిపేశాను.

శ్రావణంలో జేసీబీ దిగింది.
కార్ల కోసం తవ్విన గోతిలో
పదో అడుగున నీరు.
మూడు రాత్రులు మోటార్లు తోడాయి,
తెల్లారేసరికి మళ్ళీ మోకాలి లోతు.
ఇంజనీర్లు ఎవర్నో ఫోన్లో తిడుతుంటే
అప్పలసూరి పంచె ఎగ్గట్టి దిగాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
"ఆయేల నూతినీరే బావూ.
సల్లదనం మరిసిపోనేదు."

మూడేళ్ళు.
ఎవరినీ వెళ్ళగొట్టినట్టు ఏ కాగితంలోనూ లేదు.
ఖాళీలోంచి ఎవర్ని వెళ్ళగొడతారు?

ప్రారంభం నాడు అద్దాల్లో
ఎదుటి పెంకుటిళ్ళు అలల్లా వంగి కనబడ్డాయి.
అప్పలసూరికి యూనిఫాం ఇచ్చారు, భుజాల దగ్గర వదులు.
తాళం లేదు.
మనిషిని చూసి తలుపు తనంతట తనే తెరుచుకుంటుంది.
అది అతనికి బొత్తిగా నచ్చలేదు.

మెట్లకి ఎడమపక్క,
ఒకప్పుడు గోడనీడ పడ్డ చోటే,
పోలమ్మ గంప దించింది.
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
లోపల్నుంచి చల్లటి తెర ఒకటి వచ్చి
వంజరాల మీదా, ఆమె మోకాళ్ళ మీదా పడుతోంది.
ఈవేళ సగం ఐసు మిగిలిందట.

"బావూ, ఒకపాలి ఆ తలుపుకాడ నిలబడు."
నిలబడ్డాను.
తెరుచుకుంది.
పోలమ్మ కళ్ళు మూసుకుంది.